పొద్దుగూకాక నీడ

ఇన్సూరెన్సు మనిషి వస్తున్నాడని కెల్విన్ పాస్కో పొద్దున్నే లేచి, విరిగిపోయిన వ్యాన్‌ని కడుగుతున్నాడు.

రేలీన్ వంటింటి కిటికీలోంచి చూసి ముందు నమ్మలేదు. పైకప్పు నడిమికి కుంగిపోయి, ముందద్దం పగిలి, పక్కకి జరిపే తలుపు లోపలికి సొట్టపడి, పెరట్లో బట్టలారేసే కమ్మీల పక్కన కూలబడినట్టున్న ఆ బండిని ఆయన బకెట్టు నిండా సబ్బునీళ్లు కలిపి, చక్రాల దగ్గర్నుంచి మొదలుపెట్టి ఓపిగ్గా రుద్దుతున్నాడు. ఆమె టీ కప్పు చేత్తో పట్టుకునే బయటికి వచ్చింది.

“ఏంటి కెల్, దాన్ని చర్చికి తీసుకెళ్తున్నావా?”

“మట్టి కొట్టుకుని ఉంది. బయటి మనిషి వచ్చి చూస్తే ఏం బాగుంటుంది?”

“నెత్తి మీద కప్పే లేదు. ఇంక మట్టి ఎవడికి కావాలి?”

“నాక్కావాలి,” అన్నాడాయన గుడ్డ పిండుతూ.

ఇలాంటి మనిషితో ఇన్నేళ్లు కాపురం చేసినందుకు రేలీన్‌కి ఒక్కోసారి తన భుజం తనే తట్టుకోవాలనిపిస్తుంది. కప్పు మెట్టు మీద పెట్టి తనూ ఓ గుడ్డ అందుకుంది. ఆయన కడగడం అయిపోయిందన్న వెనక భాగంలో పక్షుల రెట్ట అరచెయ్యంత అలాగే మిగిలిపోయి ఉంది. ఏమీ అనకుండా తుడిచేసింది. పైకప్పు ఎక్కడ కుంగిందో అక్కడికి వచ్చేసరికి ఇద్దరూ కూడబలుక్కున్నట్టు గుడ్డ మెల్లగా ఆడించారు, గట్టిగా తగిలితే నొప్పి పుడుతుందన్నట్టు.

షేన్ హాకింగ్ టిఫిన్ల వేళకి వచ్చాడు. విరిగిన బళ్లని చూసి కంపెనీలకి రాసి పంపడం అతని పని. అంతకంటే ముందు అతను గ్లెనిస్ హాకింగ్ కొడుకు, మా ఊరి ఫుట్‌బాల్ జట్టులో ఒకప్పుడు గోళ్లు కొరుక్కుంటూ బెంచీ మీద కూర్చున్న కుర్రాడు. చేతిలో ట్యాబ్, టార్చిలైటు. బండి చుట్టూ తిరుగుతూ ఫొటోలు తీస్తుంటే కెల్విన్ చేతులు వెనక్కి కట్టుకుని వెంటే నడిచాడు, మాస్టారి వెనక పిల్లాడిలా.

“అడక్కూడదు గానీ, మిస్టర్ పాస్కో,” అన్నాడు షేన్, “దీని మీద పడింది ఏ చెట్టు కొమ్మండీ?”

“గమ్.”

“ఏటి ఒడ్డు గమ్మా?”

“ఆఁ.”

షేన్ నవ్వు ఆపుకుంటూ పెదవి బిగబట్టాడు. నవ్వడానికి కారణం ఉంది. ఎండాకాలమైనా చలికాలమైనా, గాలి ఉన్నా లేకపోయినా, ఆ నీలగిరి జాతి చెట్టుకి బుద్ధి పుట్టినప్పుడు బండెడు కొమ్మని చెప్పా పెట్టకుండా కిందికి వదిలేస్తుంది. దాని కింద మకాం పెట్టకూడదని మా వైపు పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. తెలియని వాళ్లుంటే కెల్విన్ పాస్కో చెబుతాడు. వినకపోతే మళ్లీ చెబుతాడు.

“నా చిన్నప్పుడు మీరొకసారి మా డేరా మేకులు పీకించారు, గుర్తుందా? మా నాన్న అన్నీ బిగించి అప్పుడే బీరు మూత తీశాడు. మీరొచ్చి, ‘ఇక్కడ పడుకుంటే పొద్దున లేవరు’ అన్నారు. ఆ మాట చెప్పి మా నాన్న ఇప్పటికీ నవ్వుతాడు.”

“మీ నాన్న బతికే ఉన్నాడుగా?”

“ఉన్నాడు, ఉన్నాడు. అందుకే అడుగుతున్నా. మీరెలా పెట్టారండీ అక్కడ?”

“నీడ కోసం,” అన్నాడు కెల్విన్. చక్రం మీద ఏదో మరక ఉన్నట్టు వంగి బొటనవేలితో రుద్దాడు.

షేన్ జరిపే తలుపుని లాగి చూశాడు. రాలేదు. భుజం ఆనించి మళ్లీ లాగాడు. పగిలిన కిటికీలోంచి టార్చి వేస్తే లోపల కూలిన పైకప్పు గుడ్డ తప్ప ఏమీ కనిపించలేదు.

“లోపల ఏమున్నాయండీ?”

“ఏముంటాయి, ఏదో మంచం, పొయ్యి. నేనే చేసుకున్నాలే. పర్లేదు.”

మా ఊరి మగాళ్లకి ఒక జబ్బుంది. ఇల్లు కట్టినా, పడవ చెక్కినా, ప్రాణం పోబోయిన మనిషిని నీళ్లలోంచి ఈడ్చుకొచ్చినా, ఎవరైనా అడిగితే ‘ఏదో, పర్లేదు’ అంటారు. పొగుడుకోవడం కంటే చావడం నయం వాళ్లకి. షేన్‌దీ ఈ ఊరే, ఆ జబ్బు సంగతి అతనికీ తెలియాలి. కానీ ఆ రోజు ఇంకా రెండు బళ్లు చూడాల్సి ఉన్నాయేమో, కెల్విన్ అన్న మాట అన్నట్టే రాసుకున్నాడు. రేలీన్ అప్పుడు లోపల అతని కోసం కేకు కోస్తోంది.

*

మర్నాడే కంపెనీ నుంచి ఫోనొచ్చింది. బండి పూర్తిగా పోయినట్టే లెక్క. బాగుచేయడానికి అయ్యే ఖర్చు దాని విలువ కంటే ఎక్కువ. కాబట్టి ఆరు వేల డాలర్లు ఇచ్చి, శుక్రవారం లారీ పంపి దాన్ని తీసుకుపోతారట.

“ఆరు వేలా?” అంది రేలీన్. “దాని పొయ్యి, ఫ్రిజ్జే అంత చేస్తాయి కదయ్యా. దేంతో పోల్చి చెప్పారు?”

అవతలి కుర్రాడు ఈమెయిలు పంపాడు. మూడు బళ్ల ఫొటోలు. ఒకటి పూల కొట్టు వాళ్లది, ఒకటి ప్లంబరుది, మూడోదాంట్లో కొరియర్ అట్టపెట్టెలు. వయసూ, తయారీ మాత్రం ఒకటే.

రేలీన్ కళ్లజోడు నుదుటి మీదికి తోసింది. “చూడు కెల్, మనం ఇన్నాళ్లూ ప్లంబరు బండిలో పడుకున్నామట.”

కెల్విన్ గిన్నెలు తుడుస్తున్నాడు. “ఒప్పుకో రే. తీసుకెళ్లనీ.”

“ఏంటీ?”

“పాతదైపోయింది. ఇస్తామన్నది పుచ్చుకుంటే పోలా.”

ఆమె ఆయన వీపు వైపు చూస్తూ ఉండిపోయింది. కొమ్మ పడ్డాక మెల్రోస్ నుంచి ఆ బండిని లారీ మీద ఇంటికి తెచ్చినప్పుడు ఈ మనిషే కదా డ్రైవరు పక్కన కూర్చుని, వెనక్కి చూసి చూసి మెడ పట్టేయించుకున్నది? ఇప్పుడు పాత కుర్చీ పారేసినట్టు మాట్లాడుతున్నాడు. సిగ్గు, అనుకుంది రేలీన్. గమ్ చెట్టు కింద పెట్టి పట్టుబడ్డాడు, ఊరంతా నవ్వుతున్నారు, అది కళ్లెదుట లేకుండా పోతే చాలనుకుంటున్నాడు. ఆ మాత్రం దానికి బండిని ఇచ్చేస్తారా ఎవరైనా? ఆ బండి పోతే మళ్లీ ఇంకోటి కొనడం ఈ జన్మకి కుదరదు. చలికాలం వచ్చిందంటే వెచ్చగా ఉండే ఉత్తరాదికి, గోధుమ కోతలయ్యాక సముద్రం వెంబడి; సంవత్సరంలో సగం రోజులు వాళ్లు బతికేది అందులోనే. మిగతా సగం రోజులు ఎప్పుడు బయల్దేరదామా అని ఎదురుచూడటంతో సరిపోతుంది.

“నేను ఒప్పుకోను,” అంది.

“నీ ఇష్టం,” అన్నాడు కెల్విన్. తుడిచిన గిన్నెనే మళ్లీ తుడిచాడు.

అలా మొదలైంది ఫోన్ల గోల. ఆ కంపెనీకి ఫోను చేసినప్పుడల్లా కొత్త గొంతు పలుకుతుంది. ఎవరు పలికినా, ‘అసలేం జరిగిందో మీ మాటల్లో మొదట్నుంచి చెప్పండి’ అంటారు. రేలీన్‌కి చెప్పడం వచ్చు. మొదట డైలన్ అనే కుర్రాడికి క్లుప్తంగా చెప్పింది. రెండోసారి టిఫనీ అనే ఆమెకి పక్కన మకాం వేసిన క్యారవాన్ వాళ్లు నిప్పు దగ్గర కూర్చోమని పిలిచిన సంగతీ, వాళ్ల సాసేజీలు సగం మాడిపోయిన సంగతీ కలిపింది. మూడోసారికి కథ బాగా పదునెక్కింది. ఈసారి పలికిన అమ్మాయి పేరు చెప్పినా రేలీన్ సరిగా వినలేదు, కథ చెప్పే తొందరలో ఉంది.

“మేం మెల్రోస్ చేరేసరికి పొద్దుగూకింది తల్లీ. కొండ నల్లగా కనిపిస్తోంది, అంతే. ఆ వాగు పక్కన మకాం వేయడం మాకు అలవాటే. నేను దిగి పక్క వాళ్లతో మాట్లాడుతుంటే మా ఆయన నీడ కోసమని చెట్టు కింద...”

అక్కడ ఆగిపోయింది.

“హలో? మిసెస్ పాస్కో?”

“ఉన్నానమ్మా.”

“చెట్టు కింద పెట్టారు. తర్వాత?”

తర్వాత ఏం చెప్పిందో ఆమెకే తెలియదు. సాసేజీలు అంది, తుపాకీ పేలినట్టు చప్పుడంది, మేం నిప్పు దగ్గర ఉండబట్టి బతికాం అంది. నోరు దాని మానాన అది చెప్పుకుపోతోంది. ఫోను పెట్టేశాక కూడా ఆ చెయ్యి ఫోను మీదే ఉండిపోయింది. పొద్దుగూకాక నీడేమిటి? అదే మాట షేన్‌తో ఆయన అన్నప్పుడు తను లోపలుంది. ఊళ్లో అందరితో అంటుంటే పక్కనే ఉంది. తనే రెండుసార్లు కంపెనీకి చెప్పింది. ఒక్కసారైనా ఎవరికీ, తనకి కూడా, తట్టలేదు.

కిటికీలోంచి చూస్తే కెల్విన్ షెడ్డు గుమ్మంలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఊరికే కూర్చున్నాడు. మామూలుగా అయితే చేతిలో ఓ చెక్కముక్క ఉండాలి.

ఆమెకి ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. కొట్టుకి కారు తనని తీయమంటున్నాడు, మోకాలు నొప్పి అంటాడు. జెట్టీ మీద పీతలు పడితే, చిన్నవి వదిలేయాలి గనక, కొలత చూసేది ఎప్పుడూ ఆయనే, ఈ మధ్య ‘నువ్వు కొలు, నా చేతులు తడి’ అంటున్నాడు. పత్రిక చదవమంటున్నాడు, అందులో అంతా అబద్ధాలే, నీ గొంతుతో వింటే నవ్వొస్తుంది అంటాడు. మెల్రోస్ దారిలో ఎదురొచ్చిన క్యారవాన్ల వాళ్లు స్టీరింగ్ మీంచి వేలెత్తి పలకరిస్తుంటే ఈయన ఎత్తలేదు. ముప్పై ఏళ్లు గోధుమ లారీలు తోలినవాడు, ఎదురొచ్చే ట్రాక్టరుకి కూడా వేలెత్తి పలకరించేవాడు. నీకేం పుట్టింది ఇవాళ అని తను విసుక్కుంది కూడా.

ఆయన ఆ చెట్టుని చూడలేదు. చూసి నీడ కోసం పెట్టలేదు, అసలు చూడలేదు. అంత చెట్టుని.

ఆ మాట మనసులో పడ్డాక ముందు జాలి రాలేదు రేలీన్‌కి, కోపం వచ్చింది. ఆ దారంతా పక్క సీట్లో తను థర్మాస్ మూత తిప్పుతూ, బిస్కెట్లు అందిస్తూ కూర్చుంది. ఎదురుగా మేడంతేసి గోధుమ లారీలు వచ్చాయి. ఎవరినైనా గుద్ది ఉంటే? ఏ పిల్లాడో రోడ్డు దాటి ఉంటే? వెళ్లి నిలదీద్దామని లేచింది. గుమ్మం దాకా వెళ్లింది. ఆయన స్టూలు మీద కూర్చుని తన రెండు చేతులూ మొహానికి దగ్గరగా పెట్టుకుని, తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. ఆ కోపం కాళ్ల దగ్గరే నిలిచిపోయింది. అడిగితే నీడ కోసమే అంటాడు. అబద్ధం ఆడటం చేతకాని మనిషితో మళ్లీ మళ్లీ అబద్ధం ఆడించడం తన వల్ల కాదు.

*

ఆ సాయంత్రం ఇద్దరూ జెట్టీకి వెళ్లారు. కారు ఆమే నడిపింది. వలబుట్టలో చేపతల కట్టి నీళ్లలోకి దించి, మడత కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. గాలి లేదు. అవతల ఎవరో కుర్రాళ్లు స్క్విడ్ కోసం గాలాలు విసురుతున్నారు.

“బండి బాగుపడితే మొదట ఎక్కడికెళ్దాం?” అంది రేలీన్.

“ఎక్కడికీ వద్దులే. ఇంట్లో హాయిగా లేదూ?”

“నీకా? ఇంట్లోనా?”

“ముసలోళ్లమైపోయాం రే.”

“నువ్వు అయ్యావేమో. నాకింకా టైముంది.”

ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమెకి ధైర్యం వచ్చింది. తాడు పైకి లాగుతూ ఎటో చూస్తున్నట్టు అడిగింది. “కెల్, నాకు చెప్పాల్సింది ఏమైనా ఉందా?”

కెల్విన్ పైకొస్తున్న బుట్ట మీదికి వంగాడు. నీళ్లు జెట్టీ స్తంభాలకి తగిలి చప్పుడవుతున్నాయి.

“పీతలు రెండే పడ్డట్టున్నాయి,” అన్నాడు.

మూడు పడ్డాయి. ఆమె దిద్దలేదు. కొలిచి, చిన్నదాన్ని నీళ్లలోకి వదిలేసింది.

ఇంటికొచ్చాక పీతలు ఉడికేలోపల షేన్‌కి ఫోను చేసింది.

“షేన్, నువ్వు కంపెనీకి ఏం రాశావు నాయనా, బండి లోపలి సంగతి?”

“ఏముందండీ... సాధారణమైన అమరిక, యజమాని చెప్పిన ప్రకారం, అని.”

“యజమాని ఏం చెప్పాడు?”

“ఏదో మంచం, పొయ్యి అన్నారండీ మిస్టర్ పాస్కో. పర్లేదు అన్నారు.”

రేలీన్ తల తిప్పి భర్త వైపు చూసింది. ఆయన పీతల గిన్నె మూత తీసి ఆవిరిలో మొహం దాచుకున్నాడు.

“షేన్, నేను ఊరి షోలో వంటల పోటీకి మార్కులేస్తాను, తెలుసుగా?”

“తెలియకపోవడమేం. మా అమ్మ క్విన్స్ పండ్ల జెల్లీకి రెండో బహుమతి ఇచ్చారు. ఇంట్లో మూడు నెలలు మీ పేరు ఎత్తడానికి లేదు.”

“నీళ్లగా ఉంది మరి. సరే, వచ్చే షోకి మీ అమ్మ ఫ్రూట్ కేక్ తెచ్చిందనుకో. నేను దాన్ని తీసుకెళ్లి స్పాంజి కేకుల బల్ల మీద పెట్టి, ఇది పొంగలేదు, మెత్తగా లేదు, రంగు నల్లగా ఉంది అని సున్నా వేశాననుకో. మీ అమ్మ ఏం చేస్తుంది?”

“మిమ్మల్ని నరికేస్తుంది.”

“కదా? నా ఫ్రూట్ కేక్‌ని నువ్వు స్పాంజి బల్ల మీద పెట్టావు. పోనీ, కోసి రుచైనా చూశావా? తలుపు కూడా తీయలేదు.”

“రేపు పొద్దున పలుగు పట్టుకుని వస్తాను, మిసెస్ పాస్కో,” అన్నాడు షేన్.

అన్నట్టే వచ్చాడు. తలుపు సందులో పలుగు దూర్చి షేన్ ఒక పక్క, కెల్విన్ ఒక పక్క బలంగా ఒత్తితే మూలిగి, మూలిగి, ఒక్కసారి ఊడి వచ్చింది. విరిగిన గాజుముక్కలూ, ఎండుటాకులూ, గమ్ వాసనా బయటికి వచ్చాయి. కుంగిన పైకప్పు గుడ్డని రేలీన్ చీపురుకర్రతో పైకెత్తి పట్టుకుంది. షేన్ మోకాళ్ల మీద లోపలికి దూరాడు.

సొరుగు ఒకటి లాగాడు, రాలేదు.

“అలా కాదు,” అన్నాడు కెల్విన్. తనూ లోపలికి ఎక్కి, సొరుగు కింద అంచులో బొటనవేలు నొక్కాడు. చెక్క నాలుక ఒకటి లోపలికి పోయి సొరుగు నూనె రాసినట్టు జారి వచ్చింది. “మట్టి రోడ్ల మీద బండి ఎగిరితే ఊడి రాకూడదని. ఇనప గొళ్లేలు పెడితే గలగలా అంటాయి, ఆమెకి నిద్ర పట్టదు.”

“ఇదెక్కడి చెక్క?”

“పాత జెట్టీ పలకలు. మార్చినప్పుడు తగలబెట్టేస్తుంటే అడిగి తెచ్చుకున్నా. ఉప్పు పీల్చిన చెక్కకి చెద పట్టదు.”

ఒకటి అడిగితే ఇంకొకటి చూపించాడు. మంచం కింది పలక ఎత్తితే దుప్పట్ల అర. దాన్నే నిలబెట్టి కాళ్లు విప్పితే భోజనం బల్ల. కప్పులు వేలాడే కొయ్య, బండి గుంటల్లో పడినా ఒకదానికొకటి తగలకుండా చెక్కిన గాడులతో. సింకు పక్కన చిన్న గూడు, సరిగ్గా రేలీన్ కేకు డబ్బా పట్టేంత. కొమ్మ వచ్చి మీద పడినా లోపలి చెక్కపని ఒక్క కీలు దగ్గర కూడా విడలేదు. పైకప్పు బరువంతా ఆ అల్మారాలే మోసినట్టున్నాయి. షేన్ ఒకే సొరుగుని నాలుగైదు సార్లు తీసి మూశాడు, ఆ జారుడు చేతికి బాగుండి.

“ఏదో, పర్లేదు,” అన్నాడు కెల్విన్ అలవాటుగా.

“కెల్విన్, నోరు మూసుకో,” అంది రేలీన్ చీపురుకర్ర కింద నుంచి.

షేన్ పగలబడి నవ్వాడు. రేలీన్ కూడా నవ్వింది కానీ, ఆమె చూపు భర్త మొహం మీద నుంచి కదల్లేదు. ఆయన వేళ్లు ఏ చెక్క నాలుకని ఎక్కడ నొక్కాలో తడుముకోకుండా వెళ్లిపోతున్నాయి. కళ్లు మాత్రం వేళ్లతో లేవు. ఏ సొరుగు తెరిస్తే దానికి కాస్త పక్కగా, ఎవరో పిలిస్తే తిరిగినట్టు, మొహం వారగా పెడుతున్నాడు. ఇన్ని నెలలుగా ఆయన అలా పక్కకి చూస్తూ మాట్లాడుతుంటే తన మాట వినడం లేదనుకుని ఎన్నిసార్లు కసిరింది! చీపురుకర్ర పట్టుకున్న చేతులు లాగేస్తున్నా దించలేదు. ఆయన్ని అలా చూస్తుంటే ఆమెకి ఎంత ముద్దొచ్చాడంటే, షేన్ లేకపోతే ఆ గాజుముక్కల్లోనే వాటేసుకునేది.

షేన్ ఫొటోలు తీసి, కొలతలు రాసుకుని, వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగాడు.

“ఇది ప్లంబరు బండి కాదని రాస్తాను. కానీ బండి మీరే ఉంచుకుంటామంటే కొంత తగ్గించి ఇస్తారు. పైకప్పు కొత్తది వేయించి, తనిఖీ చేయించి, మళ్లీ రిజిస్ట్రేషన్ నంబరు తెచ్చుకోవాలి. ఓపికుందా మీకు?”

“ఉంది,” అంది రేలీన్.

కెల్విన్ వెనక్కి వెళ్లి, ఊడిన తలుపుని బండికి ఆనించాడు.

*

శుక్రవారం మధ్యాహ్నం లారీ రావాలి. రేలీన్ పొద్దున్నే దుంపలు కూరి కాల్చే పేస్టీలు చేయడానికి కూర్చుంది. పిండి వత్తుతోంది, కెల్విన్ బంగాళాదుంపలూ స్వీడ్ దుంపా ముక్కలు చేస్తున్నాడు. ముక్కలు ఎప్పుడూ లేనంత పెద్దవిగా ఉన్నాయి. ఆమె వాటినే పేర్చి, అంచులు మడిచి నొక్కుతోంది. చేతుల నిండా పిండి ఉండగా ఫోను మోగింది. మోచేత్తో స్పీకరు నొక్కింది.

“మిసెస్ పాస్కో? నా పేరు జసింతా. మీ బండి గురించి.” గొంతు చిన్నది, పనిలోకి కొత్తగా వచ్చినట్టుంది. “అసలేం జరిగిందో మీ మాటల్లో...”

“వద్దమ్మా,” అంది రేలీన్. “అది చెప్పడం అయిపోయింది. నువ్వు చెప్పు.”

జసింతా కాగితాలు చూస్తున్నట్టు కాసేపు ఆగి చెప్పింది. కొత్త నివేదిక అందిందట. బండిని క్యాంపర్ వ్యాన్‌గానే లెక్క కట్టారట. బండి కంపెనీకి ఇచ్చేస్తే పదిహేడు వేలు. ఉంచుకుంటే పద్నాలుగు.

రేలీన్ పిండిచేతుల్తోనే బల్ల మీద ఒక్క గుద్దు గుద్దింది. పిండి లేచి కెల్విన్ కనుబొమ్మల మీద పడింది.

“ఇచ్చేయ్ రే,” అన్నాడాయన మెల్లగా. “పదిహేడు మంచి డబ్బు. ఇచ్చేయ్.”

“ఉంచుకుంటున్నాం అమ్మా,” అంది రేలీన్ ఫోనులోకి.

“రే—”

“లారీ రావద్దని చెప్పు. రాసుకున్నావా?”

“రాసుకున్నానండీ.” కీబోర్డు టకటకమంది. “డబ్బు వచ్చే వారం మీ ఖాతాలో పడుతుంది. దాంతో ఈ పాలసీ అయిపోతుంది. బండి బాగుచేయించి నంబరు వచ్చాక కొత్తది తీసుకోవాలి కదా, ఆ వివరాలు ఇప్పుడే నమోదు చేసి పెడతాను, మీకు మళ్లీ తిప్పలుండవు. చిరునామా అదేనా?”

“అదే.”

“బండి రాత్రిళ్లు ఎక్కడ ఉంటుంది?”

“మా పెరట్లో.”

“ప్రధానంగా నడిపేది ఎవరండీ? పాతదాంట్లో మిస్టర్ కెల్విన్ పాస్కో అని ఉంది. అలాగే ఉంచనా?”

వంటింట్లో చప్పుడు ఆగిపోయింది. కెల్విన్ చేతిలో కత్తి, సగం కోసిన దుంప. రేలీన్‌కి జవాబు నాలుక మీదే ఉంది. ఈ రెండు రోజులుగా వేరే దేని గురించీ ఆలోచించలేదు. ‘నా పేరు రాయమ్మా’ అంటే అయిపోతుంది. ఎవరికీ ఏదీ చెప్పక్కర్లేదు. కానీ అలా అంటే ఇక ఈ జన్మకి ఆయన నోట్లోంచి ఆ మాట రాదు. ఆమె పేస్టీ అంచు నొక్కుతూ ఊరుకుంది. నొక్కిన అంచునే మళ్లీ నొక్కింది.

“హలో? ఉన్నారా?”

కెల్విన్ కత్తి కింద పెట్టాడు. తడి చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు. లేచి, బల్ల అంచు పట్టుకుని ఫోను దగ్గరికి వంగాడు, ఫోనులో ఉన్న ఆ పిల్ల మొహం కనిపిస్తుందన్నట్టు.

“మార్చమ్మా,” అన్నాడు. “నా పేరు తీసెయ్. రేలీన్ అని రాయి. రేలీన్ పాస్కో.”

“అలాగేనండీ. మార్పుకి కారణం...?”

“నాకు కళ్లు పోతున్నాయి తల్లీ. మధ్యలో ఏదీ కనపడదు, పక్కలే కనపడతాయి. చెట్టు కనపడలేదు ఆ రోజు. నా భార్యని తీసుకెళ్లి దాని కింద పెట్టాను.” కనుబొమ్మల మీది పిండి తుడుచుకున్నాడు. “ఆమెకి ఇంకా చెప్పలేదు. ఇక్కడే ఉంది, ఇప్పుడు విన్నది.”

ఇలాంటప్పుడు ఏమనాలో ఆ కంపెనీ జసింతాకి నేర్పి ఉండదు. “అయ్యో, సరేనండీ,” అంది. మళ్లీ చిన్నగా, “ఆవిడ గేరు బండి నడుపుతారాండీ?” అంది.

“పెళ్లికి ముందు వాళ్ల నాన్న ట్రాక్టరు నడిపింది,” అన్నాడు కెల్విన్. “కంచె విరగ్గొట్టింది.”

“ఒక్కసారి,” అంది రేలీన్. “ఒకే ఒక్కసారి. అదీ మీ నాన్న కంచె.”

పిండిచెయ్యి చాచి ఆయన చొక్కా పట్టుకుంది, వదల్లేదు. ఆయన వారగా తిరిగాడు, ఆమెని చూడటానికి. అప్పుడర్థమైంది ఆమెకి, ఎటో చూస్తున్నట్టున్నప్పుడే ఆయన తనని చూస్తున్నాడని.

“అయితే మిసెస్ పాస్కో లైసెన్సు నంబరు చెబుతారా?” అంది జసింతా.

రేలీన్ రెండో చేత్తో సంచీలోంచి లైసెన్సు కార్డు తీసింది. కళ్లజోడు సర్దుకుంది. కార్డు దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది. ఎలా పెట్టినా అంకెలన్నీ నీళ్లలో కలిసిపోయి ఉన్నాయి.

“ఒక్క నిమిషం ఆగమ్మా,” అంది. “ఇక్కడ మా ఇద్దరికీ కనపడటం లేదు.”